గుండె చేజారిన 48 గంటలు

2013 జనవరి 25, శుక్రవారం. లండన్‌లో నాలుగున్నర దాటితే చీకటి పడిపోయే రోజులు. రెండు రోజుల్లో, సరిగ్గా 48 గంటల్లో, ఓ వీడియో గేమ్ తయారుచేయాలి. దేని మీద చేయాలన్నది చివరి క్షణం దాకా ఎవరికీ తెలియదు.

ఆ క్షణం వచ్చింది. అంశం మాటగా రాలేదు, బొమ్మగా రాలేదు. చప్పుడుగా వచ్చింది.

లబ్... డబ్. లబ్... డబ్.

మనిషి గుండె కొట్టుకుంటున్న చప్పుడు. అంతే. దాని కింద వివరణ లేదు, సూచన లేదు. దీంతో ఆట కట్టాలి.

గ్లోబల్ గేమ్ జామ్ అంటే ఇదీ. అప్పట్లో ఏటా జనవరి చివర్లో ఓ వారాంతం ప్రపంచం నలుమూలలా జనం ఒకే అంశం మీద ఆటలు తయారుచేసేవాళ్ళు. 2006లో మొదలైన నార్డిక్ గేమ్ జామ్‌ను చూసి, అదే పద్ధతి అన్ని దేశాలకూ ఎందుకు ఉండకూడదని 2009లో దీన్ని మొదలుపెట్టారు. మొదటి ఏడు 23 దేశాలు కలిశాయి. ఈ గుండె చప్పుడు వినిపించిన ఏటికి 63 దేశాల్లో, 319 చోట్ల, 16 వేల మందికి పైగా కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. ఏ ఊరివాళ్ళకు ఆ ఊరి గడియారం ప్రకారం శుక్రవారం సాయంత్రం 5 గంటలకు అంశం చెప్పేవారు. న్యూజిలాండ్ వాళ్ళు ముందు వినేవాళ్ళు, హవాయి వాళ్ళు అందరికంటే చివర. హవాయిలో ఐదు కొట్టేదాకా ముందు విన్నవాళ్ళు బయట నోరు విప్పకూడదన్నది నియమం. వేలమంది ఒక్క రహస్యాన్ని అన్ని గంటలు కడుపులో దాచుకోవడం ఉంది చూశారూ, ఆ పండగ మొత్తంలో నాకు బాగా నచ్చిన ముచ్చట అదే.

మన అవధానంలో సమస్యాపూరణం చూసినవాళ్ళకు ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది. పృచ్ఛకుడు విడ్డూరమైన పాదం ఒకటి ఇస్తాడు. ఆలోచించుకుని రేపు వస్తానంటే కుదరదు. ఛందస్సు తప్పడానికి వీల్లేదు. సభలో అందరికీ మొదట తట్టే అర్థం వైపు అవధాని వెళ్ళడు. ఆ పాదాన్నే పట్టుకుని ఎవరూ ఊహించని వైపు తిప్పుతాడు, సభ ఘొల్లుమంటుంది. ఇక్కడ పృచ్ఛకుడిచ్చిన పాదం గుండె చప్పుడు. ఛందస్సు 48 గంటలు.

గుండె చప్పుడు వినగానే ఎవరికైనా తట్టేవేమిటి? ప్రేమ. భయం. చావు. చీకట్లో ఎవరో తరుముతుంటే గుండె దడదడలాడటం, ఆసుపత్రి మంచం పక్కన గీత తిన్నగా సాగిపోవడం. అన్నీ నిజమైన భావాలే. అన్నీ ప్రతివాళ్ళకూ తట్టేవే. ఆ సాయంత్రం లండన్‌లో కూర్చున్న ఓ నలుగురికి మాత్రం గుండె భావంగా కాక వస్తువుగా కనిపించింది. పిడికిలంత మాంసపు ముద్ద. తడిగా ఉంటుంది, పట్టుకుంటే జారుతుంది. ఒక మనిషి ఛాతీలోంచి పాతది తీసి కొత్తది పెట్టాలి. పెట్టాల్సిన డాక్టరుకేమో చెయ్యి స్వాధీనంలో లేదు.

టామ్ జాక్సన్, జాక్ గుడ్, ల్యూక్ విలియమ్స్, జేమ్స్ బ్రాడ్లీ. నలుగురూ లండన్‌లోని బాసా స్టూడియోస్ అనే చిన్న కంపెనీ మనుషులు. 2010లో పుట్టిన ఆ కంపెనీకి అప్పటిదాకా పేరు తెచ్చింది మాన్‌స్టర్‌మైండ్ అనే ఫేస్‌బుక్ ఆట. దానికి 2012లో బాఫ్టా అవార్డు కూడా వచ్చింది. కాబట్టి ఈ నలుగురూ పనితనం తెలియనివాళ్ళు కారు. కానీ ఆఫీసులో చేసే పని వేరు, జామ్‌లో చేసే పని వేరు. జామ్ నిబంధన ప్రకారం, తయారుచేసిన ఆటను దాని కోడ్‌తో సహా అందరికీ తెరిచి ఉంచే లైసెన్సు కింద పెట్టాలి. డబ్బు కోసం కాదని ముందే తెలిసిన పని. ఆఫీసు మీటింగులో నోటిదాకా వచ్చి ఆగిపోయే పిచ్చి ఆలోచన ఇలాంటి చోట ధైర్యంగా బయటికొస్తుంది.

శుక్రవారం రాత్రి ఏ జామ్‌లోనైనా దాదాపు ఒకేలా నడుస్తుంది. కాగితాల మీద గీతలు, చేతులు ఊపుతూ వాదనలు, చల్లారిపోయిన పిజ్జా. అసలు ప్రమాదం కూడా ఆ రాత్రే పొంచి ఉంటుంది. ఆలోచన ఊరికే పెరుగుతుంది. ఆపరేషన్ అనుకున్నది ఆసుపత్రి అవుతుంది. ఆసుపత్రి అన్నాక పదిమంది రోగులు, నర్సులు, ఫీజులు, ఆ ఫీజులతో కొనుక్కునే కొత్త పరికరాలు, చివర్లో ఓ దుష్టుడైన పెద్ద డాక్టరు. మొదటిసారి జామ్‌కి వెళ్ళినవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఆదివారం మధ్యాహ్నానికి వాళ్ళ దగ్గర అందమైన మెనూ ఉంటుంది, నాలుగు పేజీల కథ ఉంటుంది, ఆడుకోవడానికి ఆట ఉండదు. పాపం రెండు రాత్రులు నిద్ర లేకుండా కష్టపడీ ఏమీ చూపించలేక తల దించుకుని ఇంటికి వెళ్ళే ఆ పిల్లల్ని తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఈ నలుగురూ ఎంచుకున్నవి చూడండి. ఒక గది. ఒక బల్ల. దాని మీద ఛాతీ తెరిచి పడుకున్న ఒక రోగి, పేరు బాబ్. నైజెల్ బర్క్ అనే ఒక డాక్టరు. ఆ డాక్టరులోనూ ఆటంతా తెర మీద ఉండేది ఒక ఎడమ చెయ్యి. ఇంకేం లేదు. రెండు రోజుల శక్తి అంతా ఆ ఒక్క చేతికి పోశారు.

ఆ చెయ్యి ఎలా పనిచేస్తుందో చెప్పాలి. ఈ కథలో అసలు నాయకుడు అదే.

మీ ఎడమ చేతిని కీబోర్డు మీద పెట్టుకోండి. చిటికెన వేలు 'ఏ' మీట మీద. ఉంగరపు వేలు 'డబ్ల్యూ' మీద. మధ్య వేలు 'ఈ' మీద. చూపుడు వేలు 'ఆర్' మీద. బొటనవేలు స్పేస్ బార్ మీద. చూశారా, వేళ్ళు వాటంతటవే అక్కడ కుదురుకుంటాయి. ఏ మీట నొక్కితే తెర మీది చేతిలో ఆ వేలు ముడుచుకుంటుంది. కుడిచేత్తో మౌస్ కదిపితే డాక్టరు చెయ్యి బల్ల మీద తిరుగుతుంది. మౌస్ ఎడమ బటన్ నొక్కితే చెయ్యి కిందికి దిగుతుంది. కుడి బటన్ నొక్కి పట్టుకుని కదిపితే మణికట్టు తిరుగుతుంది.

వినడానికి ఎంత సులువుగా ఉంది! మంచినీళ్ళ గ్లాసు అందుకోవడానికి మనం రోజూ చేసే పని ఇదేగా. తేడా ఏమిటంటే, ఆ పనంతా మెదడు మనకు తెలియకుండా చక్కబెట్టేస్తుంది. ఏ వేలు ఎంత వంగాలి, ఎప్పుడు ఆగాలి, మణికట్టు ఎంత తిరగాలి అని మనం ఏనాడూ ఆలోచించం. ఈ ఆట ఆ పనిని ముక్కలు ముక్కలుగా విడదీసి మన ముందు పరిచింది. ఇప్పుడు నువ్వు చెయ్యి చూద్దాం అంది. ఊహ తెలియకముందు నుంచీ చేస్తున్న పని ఒక్కసారిగా చేతకాకుండా పోతుంది. పెన్ను తీయబోతే కప్పు దొర్లుతుంది. కప్పు పట్టుకోబోతే రంపం కిందపడుతుంది.

ఈ రకం హాస్యానికి అంతకుముందే దారి వేసిన ఆట ఒకటుంది. 2008లో బెనెట్ ఫాడీ అనే ఆస్ట్రేలియా ఆయన చేసిన క్యూడబ్ల్యూఓపీ. ఆయన చదివింది తత్వశాస్త్రం. అంతకుముందు కట్ కాపీ అనే బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించాడు. ఆ ఆట పేరే నాలుగు మీటల పేర్లు. మొదటి రెండూ తొడలు, చివరి రెండూ పిక్కలు. 100 మీటర్ల పరుగు పందెం. నిలబడిన పరుగువీరుడు తొలి అడుగుకే వెనక్కి విరుచుకుపడతాడు. ఎంతమంది ఆడినా మొదటిసారి అంతే. నడక అనే మామూలు పని వెనక ఎంత యంత్రాంగం ఉందో అప్పుడు తెలుస్తుంది. అయితే అందులో పడిపోతే ఆట అయిపోయినట్టే, మళ్ళీ మొదటికి రావాలి. డాక్టరు ఆటలో అలా కాదు. చేసిన పొరపాటు కళ్ళెదుటే బల్ల మీద ఉంటుంది. దాన్ని సరిచేయబోయి ఇంకోటి చేస్తాం, దాన్ని కప్పిపుచ్చబోయి మరోటి. పొరపాటు మీద పొరపాటు పేరుకుపోవడమే ఇక్కడ కథ. నాటకాలవాళ్ళకు ఈ కిటుకు ఎప్పటినుంచో తెలుసు.

ఇంకో సంగతి. ఈ ఆటలో రాసిపెట్టిన జోకులంటూ పెద్దగా లేవు. నవ్వు పుట్టించే పని ఫిజిక్స్ ఇంజన్‌కి అప్పగించారు. వాళ్ళు వాడింది యూనిటీ అనే సాఫ్ట్‌వేర్. అందులో ప్రతి వస్తువుకూ బరువు ఉంటుంది, ఆకారం ఉంటుంది, ఒకదానికొకటి తగిలితే ఎలా ఎగరాలో లెక్క ఉంటుంది. మామూలుగా సెకనుకు 50 సార్లు ఆ లెక్క వేస్తుంది. సుత్తి ఎటు దొర్లాలి, పక్కటెముక ముక్క ఎటు ఎగరాలి అని ఎవరూ బొమ్మలు గీసి పెట్టనక్కర్లేదు. బల్ల నిండా వస్తువులు పెట్టి, వాటి మధ్యకు స్వాధీనం లేని చెయ్యి ఒకటి వదిలితే చాలు, మిగతాది వస్తువులే చూసుకుంటాయి. రెండు రోజుల గడువులో ఇంతకంటే తెలివైన ఎంపిక నాకు కనిపించదు. నలుగురు మనుషులు పది జోకులు రాస్తే పదకొండోసారి ఆడేటప్పటికి పాతబడతాయి. బరువూ వేగమూ కలిసి పుట్టించే ప్రమాదం రెండోసారి అచ్చం అలాగే జరగమన్నా జరగదు.

హాస్యం తయారుచేసేవాళ్ళను అందరికంటే ఎక్కువ ఏడిపించే చిక్కు కూడా దీంతో తీరిపోతుంది. సొంత జోకును యాభైసార్లు విన్నవాడికి అది నవ్వొస్తుందో లేదో తెలియకుండా పోతుంది. శనివారం అర్ధరాత్రి, కళ్ళు మండుతుండగా, ఇది నిజంగా నవ్వొచ్చేదేనా లేక మనం అలసిపోయి నవ్వుతున్నామా అన్న అనుమానం ఏ హాస్య బృందాన్నైనా పట్టుకుంటుంది. తీర్చేవాడు పక్క బల్ల దగ్గర కొత్త మనిషి ఒక్కడే. వాణ్ణి కూర్చోబెట్టి, ఏమీ చెప్పకుండా మౌస్ చేతికిచ్చి, వెనక నిలబడి వాడి భుజాలు చూడాలి. భుజాలు కదిలాయా, ఆట ఉన్నట్టే.

మన ఇళ్ళలో అక్కాతమ్ముళ్ళు ఈ ఆట ముందు కూర్చున్నారనుకోండి, వ్యవహారం ఇలా నడుస్తుంది.

"అక్కా, సుత్తి దొరికింది!"

"ముందు పక్కటెముకలు పగలగొట్టాలిరా. మెల్లిగా కొట్టు."

మెల్లిగా అన్నది ఆ చేతికి రాదు. సుత్తి గాల్లో ఓ చుట్టు చుట్టి బాబ్ ఛాతీ మీద దబ్బున పడుతుంది. ఎముకలు విరుగుతాయి, సుత్తి కూడా లోపలికి జారిపోతుంది.

"ఒరేయ్, సుత్తి ఛాతీలో ఉండిపోయింది."

"తీస్తున్నాగా, ఉండు... అయ్యో, ట్రే పడిపోయింది."

"రక్తం పోతోందిరా! ఆ పచ్చ సూది తీసి పొడు, ఆగుతుంది."

సూది తీస్తాడు. పొడవబోతే డాక్టరు చేతికే గుచ్చుకుంటుంది. తప్పు సూది అయితే తెరంతా రంగులు తేలిపోతుంది, చెయ్యి ఎక్కడుందో బల్ల ఎక్కడుందో కనపడదు. ఆ మైకంలోనే తమ్ముడు మీటలన్నీ ఒకేసారి నొక్కేస్తాడు. చెయ్యి పిడికిలి బిగించి బాబ్‌ను పక్కకు తోసేస్తుంది.

"ఊపిరితిత్తులు ఏవిరా?"

"అడ్డమొస్తున్నాయని తీసి అవతల పడేశానక్కా."

"మళ్ళీ పెట్టాలేమో చూడు!"

"అక్కర్లేదంట."

నిజంగానే అక్కర్లేదు. ఆటలో కుట్లు వేయడం లేదు. రక్తనాళాలు కలపడం లేదు. పాత గుండె బయటికి వచ్చి, కొత్త గుండె ఆ గూటిలో పడితే ఆపరేషన్ విజయవంతం. ఊపిరితిత్తులు ఎటుపోయాయని అడిగే నాథుడు లేడు. కొత్త గుండెను ఐదు వేళ్ళ మధ్య ఇరికించి తెస్తుంటే అది జారి బల్ల అంచుదాకా దొర్లినప్పుడు, అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒక్క గొంతుతో అరుస్తారు. అది మాత్రం ఏ డాక్టరూ ఏ రోగి విషయంలోనూ కోరుకోని క్షణం.

కుట్లు లేకపోవడం లోపమని కొందరు అనొచ్చు. నేను ఒప్పుకోను. 48 గంటల్లో సూదీ దారం కట్టి పడేయడం ఎవరి తరమూ కాదన్నది ఎలాగూ నిజం. ఒకవేళ కట్టగలిగినా ఆట చెడిపోయేది. గుండె దొర్లి గూట్లో పడగానే గండం గడిచిందన్న ఊరట గుప్పున వస్తుంది, నవ్వు పగులుతుంది. ఆ తర్వాత ఇంకో పావుగంట కుట్లు వేయమంటే ఆ నవ్వు ఏమైపోవాలి? హాస్యంలో ముగింపు ఎక్కడ పెట్టాలో తెలియడం సగం విద్య. కొత్తవాళ్ళకు ఆ విద్యను గడువు నేర్పుతుంది.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే గుండె మార్పిడి మనకు దూరపు విషయం కాదు. 1967 డిసెంబర్ 3న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బర్నార్డ్ ప్రపంచంలో మొదటిసారి ఒక మనిషి గుండెను మరో మనిషికి అమర్చాడు. రోగి 18 రోజులు బతికాడు. మన దేశంలో 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో ఆ ఆపరేషన్ విజయవంతంగా చేసి చూపించింది డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్, మన రాజమండ్రిలో పుట్టిన మనిషి. అంతటి చేతుల్ని ఈ ఆట ఎక్కడా ఎగతాళి చేయదు. బాబ్‌ను చూసి కూడా ఎవరూ నవ్వరు. మనం నవ్వేది మన వేళ్ళను చూసి. అర నిమిషం ఆడాక నిజమైన సర్జన్ చెయ్యి అంటే ఏమిటో తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

జనవరి 27, ఆదివారం. మధ్యాహ్నానికి అన్ని బల్లల దగ్గరా ఒకటే హడావుడి. జామ్‌లలో చివరి గంట కొత్తవి చేర్చడానికి కాదు, ఉన్నది కూలిపోకుండా చూసుకోవడానికి. అప్పుడు ఎవడైనా ఓ చిన్న సంగతి కలుపుదామంటే చెయ్యి పట్టుకుని ఆపాలి. నలుగురి ఆటా గడువులోపే పైకెక్కింది. పేరు సర్జన్ సిమ్యులేటర్ 2013. రైళ్ళు నడపడం, పొలం దున్నడం గంభీరంగా నేర్పే సిమ్యులేటర్ ఆటలు అప్పటికే బోలెడు ఉన్నాయి, పేరు పక్కన ఏడాది అంకె తగిలించుకుని వస్తుంటాయి. ఈ ఆట కూడా అంతే పెద్దమనిషి తరహాలో పేరు పెట్టుకుని వచ్చింది. తలుపు మీద బోర్డు ఎంత గంభీరంగా ఉంటే లోపలి రభస అంత రక్తి కడుతుంది. ఆ పేరు పెట్టడం కూడా డిజైనులో భాగమేనని నా నమ్మకం.

ఆట ఉచితం. అప్పట్లో బ్రౌజర్‌లోనే ఆడుకునే వీలుండేది. ఎవరో ఆడారు, ఇంకెవరికో పంపారు. యూట్యూబ్‌లో ఆటలు ఆడుతూ మాట్లాడే వీడియోలు అప్పుడప్పుడే ఊపందుకుంటున్న కాలం. ఈ ఆట ఆ వీడియోలకు అచ్చంగా కుదిరింది. ఆడేవాడికి ఎంత నవ్వో చూసేవాడికీ అంతే నవ్వు, పైగా చూసేవాడికి నేనైతే ఇంకా బాగా చేస్తాననిపిస్తుంది. కూర్చుంటే తెలుస్తుంది సంగతి.

రెండు రోజుల సరదా అనుకున్నది బాసా స్టూడియోస్‌లో అసలు పని అయిపోయింది. 48 గంటల్లో పుట్టిన ఆటను 48 రోజుల్లో అమ్మకానికి తగ్గట్టు తీర్చిదిద్దారు. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో, కొత్త ఆటల్ని జనం ఓట్లతో ఎంచుకునే గ్రీన్‌లైట్ అనే పద్ధతి అప్పటికి కొత్తగా వచ్చింది. అందులో గట్టెక్కి, 2013 ఏప్రిల్ 19న స్టీమ్‌లో విడుదలైంది. గుండెకు తోడు మూత్రపిండాలు వచ్చాయి, మెదడు వచ్చింది. అదే ఆపరేషన్‌ను పరిగెత్తే అంబులెన్సులో చేయాలి, వెనక తలుపు తెరుచుకుని పనిముట్లు రోడ్డు మీద పడిపోతుంటాయి. తర్వాత అంతరిక్షంలో చేయాలి, అక్కడ గుండె కింద కూడా పడదు, మొహానికి అడ్డంగా తేలుతుంది. ఇన్ని చేర్చినా ఒక్కదాన్ని మాత్రం మరమ్మతు చేయలేదు. ఆ చెయ్యి. జామ్‌లో ఎంత చేతకానిదో అమ్మిన ఆటలోనూ అంతే. అమ్మకానికి పెట్టేటప్పుడు పనితనం చూపించాలన్న తహతహ ఉంటుంది, ఎగుడుదిగుళ్ళన్నీ సాపు చేసేయాలనిపిస్తుంది. ఆ కోరికను అణుచుకోవడం ఆట తయారుచేయడమంత కష్టం.

ఏడాది తిరక్కుండానే, 2014 జనవరిలో, స్వీడన్‌లోని షోవ్దె పట్టణంలో కాఫీ స్టెయిన్ స్టూడియోస్ వాళ్ళు తమ ఆఫీసులోనే ఓ జామ్ పెట్టుకున్నారు. అందులోంచి వచ్చింది గోట్ సిమ్యులేటర్. మేక ఊరి మీద పడి కనపడ్డవాటినల్లా కుమ్ముకుంటూ పోవడమే ఆట. ఏప్రిల్ 1న విడుదల చేశారు. ఆట మొత్తంగా ఆగిపోయే లోపాలు తప్ప మిగతావన్నీ నవ్వు తెప్పిస్తున్నాయి కాబట్టి ఉంచేస్తామని ముందే చెప్పేశారు. బాసా వాళ్ళు 2015లో ఐ యామ్ బ్రెడ్ అని ఇంకోటి చేశారు. అందులో మనం ఒక రొట్టె ముక్క. నాలుగు మూలల్నీ విడివిడిగా కదుపుతూ ఇల్లంతా పాకి, ఎలాగోలా కాలి టోస్టు కావాలి. ఆ ఇల్లు ఎవరిదో తెలుసా? బాబ్‌ది. పాపం, మన బాబ్‌దే.

2020 ఆగస్టు 27న సర్జన్ సిమ్యులేటర్ 2 వచ్చింది. నలుగురు కలిసి ఆడొచ్చు, డాక్టరు గదిలోంచి గదిలోకి నడుస్తాడు, తలుపుల చిక్కుముడులు విప్పుతాడు, కావాలంటే మనమే కొత్త ఆసుపత్రులు కట్టుకోవచ్చు. అంటే ఆ శుక్రవారం రాత్రి వదిలేసిన ఆసుపత్రి ఏడేళ్ళకు వచ్చిందన్నమాట. పెద్ద ఆట, శ్రద్ధగా చేసిన ఆట. కానీ ఐదు వేళ్ళకు ఐదు మీటలు లేవు. ఒక్క బటన్‌తో చెయ్యి మొత్తం పట్టేసుకుంటుంది. చాలామందికి అది హాయి. నాకు మాత్రం చిటికెన వేలు కోసం 'ఏ' మీట వెతుక్కున్న ఆ బల్లే కావాలి.

ఆ బల్లను మన ఇళ్ళలోకి తెచ్చి చూస్తే ఎన్ని ఆటలు కనపడతాయో! యూనిటీ, గోడో లాంటి సాఫ్ట్‌వేర్లు డబ్బు కట్టకుండా మొదలుపెట్టుకోవచ్చు. విశాఖలోనో వరంగల్‌లోనో మొదటి జామ్‌కి కూర్చోబోయే పిల్లలకు నా దగ్గర ఒక ఆలోచన ఉంది, ఉచితంగా తీసుకోవచ్చు. తెర మీద పెళ్ళిపీటలు. పెళ్ళికూతురు తల వంచుకుని ఉంది. ఆడేవాడి వేళ్ళ మధ్య పసుపుతాడు. మీటలు అవే ఐదు, స్పేస్ బార్ బొటనవేలు. మూడు ముళ్ళు పడాలి. జడ అడ్డం, పూలదండ అడ్డం, తలంబ్రాల పళ్ళెం మోచేతి కింద. అక్షింతలు కూడా ఫిజిక్స్ లెక్కలోవే, కళ్ళల్లో పడతాయి. సన్నాయి వేగం పెరిగేకొద్దీ గడువు దగ్గరపడుతుంది, గట్టిమేళం ఆగేలోపు మూడో ముడి పడిపోవాలి. పెళ్ళంతా కట్టొద్దు. విడిది వద్దు, వంటలు వద్దు, మామగారి అలక అసలే వద్దు. ఒక తాడు, ఒక చెయ్యి. శుక్రవారం రాత్రి వేళ్ళు వంగేలా చేసుకోండి, శనివారం తాడు జారేలా చేసుకోండి, ఆదివారం పొద్దున్నే పక్కబల్ల అమ్మాయిని పిలిచి మౌస్ చేతికివ్వండి.